ముప్పై ఒకటో ఆధారం

నార్వేలో ఏప్రిల్ నెలాఖరు, మంచు కరుగుతున్న రోజులు. ప్రొఫెసర్ హాల్వర్ తన ఆఫీసు గదిలో ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల టోరున్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. లైర్‌నెస్ అనే చిన్న ఊళ్ళో, గ్రంథాలయం కింద ఉన్న పాత కాగితాల గదిలో కూర్చుని ఉంది.

"కామా కాదు టోరున్. ఊరి పేరు తర్వాత రెండు చుక్కలు. ఆ తర్వాత అచ్చువేసినవాళ్ళ పేరు. ఈ పత్రికవాళ్ళకి అక్కడ కామా కనబడితే కళ్ళు మండుతాయి."

"రెండు చుక్కలే పెట్టాను."

"పుస్తకం పేరు వాలు అక్షరాల్లో ఉండాలి. వ్యాసం పేరు మామూలుగా."

"అలాగే పెట్టాను."

"రచయితలు ముగ్గురు దాటితే..."

"మొదటివాడి పేరు రాసి 'తదితరులు' అనాలి. అవన్నీ అయిపోయాయి హాల్వర్. ఆధారాల జాబితా మొత్తం సరిచూశాను. ఒక్క ముప్పై ఒకటే మిగిలింది."

"ఓసెన్ నివేదికా? లైర్‌నెస్ వాగు గట్ల మీద నేల ఎంత గట్టిదో కొలిచి రాశాడే, అదా? దానికేమైంది?"

"పత్రికవాళ్ళు అడిగారుగా. అది అచ్చుకాని నివేదిక కాబట్టి ఎక్కడ దాచి ఉందో రాయాలి, మనం వాడుకున్న అంకె ఏ పేజీలో ఉందో కూడా రాయాలి అని."

"రాయి మరి. సాయంత్రం లోపల పంపాలి. లేకపోతే ఈ సంచికలో రాదు."

"అందుకే వచ్చాను ఇక్కడికి."

"ఎక్కడికి?"

"లైర్‌నెస్‌కి."

"ఒక పేజీ నంబరు కోసం బస్సెక్కి అంత దూరం వెళ్ళావా? వాళ్ళకి ఫోన్ చేస్తే చెప్పేవాళ్ళు కదమ్మా."

"చేశాను. గ్రంథాలయంలో ఆమె అంది కదా, ఈ నివేదిక కావాలని ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళే లేరు, ఏ పెట్టెలో ఉందో నువ్వే వచ్చి వెతుక్కో అని. వచ్చాక తనే నిచ్చెన పట్టుకుంది. కాఫీ కూడా ఇచ్చింది."

"సరే, దొరికిందా?"

"దొరికింది."

"పేజీ?"

"హాల్వర్, మీరు ఈ నివేదిక ఎప్పుడు చదివారు?"

"నేనా? ఎప్పటిదో అది. నేను కుర్రాడిగా ఉన్నప్పటిది."

"అదే, ఎప్పుడు చదివారు?"

"పేజీ నంబరు చెప్పవోయ్, రాసుకుంటాను."

"మన జాబితాలో దీని సంవత్సరం ఎనభై ఏడు అని ఉంది. ఇక్కడ అట్ట మీద డెబ్బై ఎనిమిది అని ఉంది."

"అయితే దిద్దు. అంకెలు తారుమారయ్యాయి, అంతేగా."

"దిద్దాను. తర్వాత అనుమానం వచ్చి మీ పాత వ్యాసాలు తీసి చూశాను. అన్నిట్లోనూ ఎనభై ఏడే. మీ వ్యాసాలు చూసి రాసినవాళ్ళవి చూశాను, స్వీడన్ వాళ్ళవి కూడా. అక్కడా ఎనభై ఏడే."

"నువ్విప్పుడు నన్ను పరీక్షలో పట్టుకున్న టీచరమ్మలా మాట్లాడుతున్నావు."

"మా ఊరి బడిలో మా టీచరమ్మ అనేది, సరైన జవాబులు అందరివీ ఒకేలా ఉంటాయి, ఎవడు ఎవడి పేపరు చూసి రాశాడో తప్పులే చెప్తాయి అని."

"సరే. నాకంటే ముందు ఈ వాగు మీద రాసిన సుందబీ వ్యాసం జాబితాలోంచి తీసుకున్నాను. చాలా? సుందబీ పెద్దమనిషి, ఆయన చూసే ఉంటాడు కదా అనుకున్నాను. అందరూ చేసేదే టోరున్. జాబితాలో ఉన్న ప్రతి కాగితాన్నీ చేత్తో పట్టుకుని చదవాలంటే ఈ దేశంలో ఒక్కడు కూడా ఒక్క వ్యాసం పూర్తిచెయ్యలేడు. ఇప్పుడైనా పేజీ చెప్తావా?"

"పట్టిక పన్నెండో పేజీలో ఉంది. పైన పడమటి గట్టు, కింద తూర్పు గట్టు. రెండిటికీ ఒకే అంకె."

"అదే. ఆ అంకే. పన్నెండు అని రాసి పంపించెయ్."

"పేజీ తిప్పితే పదమూడు ఉంది."

"పదమూడు మనకెందుకు?"

"చదవనా?"

"టోరున్, నాకు మీటింగుంది."

"రెండు వాక్యాలే. 'తూర్పు గట్టున యంత్రం దించడానికి పొలంవారు ఒప్పుకోలేదు. కావున అక్కడ నేలను కొలవలేదు, పడమటి గట్టు అంకెనే ప్రస్తుతానికి వేయడమైనది.' దాని కింద గీత గీసి ఇంకోటి ఉంది. 'ఏ కట్టడానికైనా ముందు తప్పక కొలవాలి.'"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే విన్నాను అని."

"సుందబీ పట్టిక ఒక్కటే ఎత్తి రాశాడు. పేజీ తిప్పలేదు. మీరు సుందబీని చూశారు, మిగతావాళ్ళు మిమ్మల్ని చూశారు. తూర్పు గట్టుని మాత్రం ఎవరూ చూడలేదు."

"అంత పెద్ద మాటలు వద్దు. వాగెంత ఉంటుంది? ఇటు నిలబడి రాయి విసిరితే అటు పడుతుంది. ఇటున్న మట్టి అటుండదా?"

"మొదటి సంవత్సరం పిల్లలకి మీరు గ్లాసులో బూడిదరంగు మట్టి చూపిస్తారు కదా."

"ఆ, చూపిస్తాను."

"ముద్దగా, గట్టిగా ఉంటుంది. గ్లాసు బోర్లించినా పడదు. దాన్నే చెంచాతో గట్టిగా కలిపితే మజ్జిగలా ఒలికిపోతుంది. అప్పుడు మీరంటారు, ఈ మట్టి ఉన్నచోట పక్క అడుగు కూడా నమ్మకూడదు, పైన బరువు పెట్టారా, ఊరు ఊరంతా వాగులో కలిసిపోతుంది అని. ముందు బెంచీలో కూర్చుని నేను అది రాసుకున్నాను."

"నా మాటలు నాకే అప్పజెప్తున్నావు."

"మీరే కదా నేర్పారు."

"పొలం దగ్గరికి వెళ్ళావా?"

"లేదు, బస్సు అటు పోదు. మీరు వెళ్ళారా, ఎప్పుడైనా?"

"పడమటి గట్టు మీదనుంచి చూశాను. పచ్చగా ఉంది. నలభై ఏళ్ళు దాటింది, ఒక్క పెళ్ళ ఊడలేదు."

"నలభై ఏళ్ళూ దాని మీద బంగాళాదుంపలు తప్ప ఏమీ లేవు."

"ఎవరు చెప్పారు?"

"బోర్గిల్ గారు. ఆ పొలం ఆవిడదే. యంత్రం దించొద్దన్నది ఆవిడే. నివేదికలో పేరుంది. బతికే ఉందేమోనని అడిగితే, గ్రంథాలయం ఎదురుగా వృద్ధాశ్రమంలోనే ఉంది. వెళ్ళి కూర్చున్నాను."

"నువ్వా? తెలియని ఇంటి తలుపు కొట్టాలంటే గుమ్మం ముందు చెమటలు పడతాయి నీకు."

"పట్టాయి. అయినా వెళ్ళాను."

"ఏమంది?"

"మొదట తిట్టింది, నేను పొలం కొనడానికి వచ్చానేమోనని. మునిసిపాలిటీవాళ్ళకి ఎప్పుడో అమ్మేశాను, మళ్ళీ మళ్ళీ అమ్మను అంది. తర్వాత నివేదిక సంగతి చెబితే నవ్వింది. ఆ కుర్రాళ్ళు ఆవిడ వేసిన వాఫుల్స్ అన్నీ తిని, జామ్ సీసా ఖాళీ చేసి, అప్పుడు చెప్పారట, యంత్రాన్ని మొలకొచ్చిన బంగాళాదుంపల మీదుగా నడిపిస్తాం అని. నా దుంపల మీద అడుగుపెడితే మీ కాళ్ళు మీతో ఇంటికి రావు అని తరిమేసిందట."

"అదీ సంగతి. మనం ఇక్కడ తలలు బద్దలుకొట్టుకుంటున్నాం. అదంతా జామ్ సీసా గొడవ."

"కోపం తగ్గాక మళ్ళీ రమ్మందామనుకుందట. దుంపలు తవ్వాక వస్తారులే అని ఆ ఏడాదంతా ఎదురుచూసిందట. రాలేదు. వాగు అటుపక్క కొలిచి ఇటుపక్కకి కూడా అదే రాసుకున్నారని నేను చెబితే నమ్మలేదు. 'పక్కింటి కూరలో ఉప్పు చూసి నా కూర రుచి చెప్పారన్నమాట' అంది."

"బాగానే అంది."

"నేను నవ్వలేదు."

"సరే, విను. దీనికి మార్గం ఉంది. 'సుందబీలో ఉదహరించినట్టుగా' అని రాయి. నియమాల్లో అది తప్పు కాదు. అసలు కాగితం మనం చూడలేదు, చూసినవాళ్ళ ద్వారా చెప్తున్నాం అని అర్థం."

"కానీ నేను చూశాను."

"నువ్వు చూసినట్టు ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. మీకే ముందు."

"మంచిపని చేశావు. ఇప్పుడు ఈ వ్యాసం ఇలాగే వెళ్ళనీ. తర్వాత నెమ్మదిగా ఇంకో వ్యాసం రాద్దాం, తూర్పు గట్టుని మళ్ళీ కొలిచి. నీ పేరు ముందు పెడతాను. దానితోనే నీ డాక్టరేటు అయిపోతుంది."

"ఈ వ్యాసంలోంచి నా పేరు తీసెయ్యండి."

"ఏమన్నావ్?"

"గట్టిగా అనలేను హాల్వర్. నా పేరు తీసెయ్యండి అన్నాను."

"మూడేళ్ళ పని, అమ్మాయ్."

"తెలుసు."

"నేను సంతకం పెట్టకపోతే నీకు..."

"అదీ తెలుసు. రాత్రి చాలాసేపు అదే ఆలోచించాను, రేపు అసలు కాగితంలో ఇంకోలా ఉంటే ఏం చెయ్యాలి అని. ఉండదులే అనుకుని పడుకున్నాను."

"నేను నిన్ను బెదిరించడం లేదు."

"లేదు. అలా అనుకోవడం లేదు."

"ఇది నా ఒక్కడి పరువు కాదు టోరున్. అన్ని వ్యాసాలు ఆ అంకె మీద నిలబడి ఉన్నాయి. అది లాగావంటే నావి, స్వీడన్ వాళ్ళవి, అన్నీ కూలిపోతాయి."

"వ్యాసాలు కూలితే ఎవరూ చావరు. ఆ పొలాన్ని ఎత్తు పెంచి బడి ఆటస్థలం చేస్తారట కదా. మన వ్యాసం చివరి వాక్యం మీరే రాశారు. 'రెండు గట్లూ గట్టివే కనుక పైన మట్టి పోసినా భయం లేదు.' ఆ వాక్యం పక్కనే ముప్పై ఒకటి అని ఉంది."

"ఉంది."

"వచ్చేముందు బోర్గిల్ గారు నా చెయ్యి పట్టుకుంది. పిల్లలు ఆడుకునే చోటంటున్నారు, పెద్దవాళ్ళు కొలిచే ఉంటారులే అని సంతకం పెట్టాను, ఆ తర్వాతైనా కొలిచారు కదమ్మా అని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"హాల్వర్ గారిని అడిగి చెప్తానన్నాను. అడుగుతున్నాను. కొలిచారా?"

"టోరున్..."

"ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఈ గది గోడ పైనున్న చిన్న కిటికీలోంచి నాకు కనిపిస్తోంది. నేను వెళ్ళి ఏదో ఒకటి చెప్పాలి."

"లేదు."

"ఏమిటి?"

"కొలవలేదు. ఎవరూ కొలవలేదు. చెప్పు ఆవిడకి."

"సరే."

"వ్యాసం ఇప్పుడే పంపొద్దు. పత్రికవాళ్ళకి నేను రాస్తాను. ఆ చివరి వాక్యం కొట్టేసి 'తూర్పు గట్టును కొలవలేదు' అని రాయి. దానికి ఓసెన్, పదమూడో పేజీ అని పెట్టు. ఆ ముసలాయన ఎన్నడో రాసిపెట్టాడు పాపం, పేజీ తిప్పినవాడు లేడు."

"ఆటస్థలం సంగతి?"

"దానికి టైముంది. మునిసిపాలిటీ ఇంజనీరు ఐలిఫ్ నాకు బాగా తెలుసు. క్రిస్మస్‌కి ముందు కలిసినప్పుడు అన్నాడు, వ్యాసం అచ్చయ్యాకే మట్టి పోయిస్తానని. మంచి మనిషి, కాగితం లేకుండా గడ్డిపోచ కూడా పీకడు. ఇప్పుడే ఫోన్ చేసి ఆపమంటాను. కొలిచేదాకా ఒక్క లారీ అటు పోదు."

"ఇప్పుడే చేస్తారా?"

"నీ ఫోన్ పెట్టెయ్యగానే. టోరున్..."

"ఆ?"

"ఇంత దూరం వెళ్ళినందుకు నిన్ను కోప్పడ్డాను."

"పర్లేదు. మీరు ముందు ఫోన్ చెయ్యండి."

హాల్వర్ ఫోను పెట్టి, మళ్ళీ తీసి, ఇంజనీరు ఐలిఫ్ ఆఫీసుకి చేశాడు.

"హాల్వర్, మీ గురించే అనుకుంటున్నాను, నూరేళ్ళాయుష్షు. వ్యాసం అచ్చయిపోయిందా? కృతజ్ఞతల్లో నా పేరుందా? మా ఆవిడ అడుగుతోంది."

"ఐలిఫ్, ఒక మాట. కూర్చున్నారా?"

"కూర్చునే ఉన్నాను. మునిసిపాలిటీ ఉద్యోగం కదా, నిలబడి ఎవడు చేస్తాడు."

"లైర్‌నెస్ ఆటస్థలం ఆపాలి. తూర్పు గట్టు మీద మట్టి పొయ్యకూడదు."

"ఎందుకు?"

"నేను తప్పు చేశాను. ఆ గట్టుని ఎవరూ కొలవలేదు. ఉన్న అంకె పడమటి గట్టుది."

"అదేంటి? అన్ని వ్యాసాల్లో ఉందిగా. ఇక్కడ నా ఫైల్లో తొమ్మిదున్నాయి, అన్నిట్లో గట్టిదనే ఉంది."

"అవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి."

"అన్నీనా?"

"అన్నీ. నాతో సహా."

"అంతమంది డాక్టరేట్లు ఉన్నవాళ్ళు..."

"ఐలిఫ్, దయచేసి వినండి. తొమ్మిది ఉన్నా పది ఉన్నా లెక్క ఒక్కటే. అసలు కాగితంలో 'కొలవలేదు' అని ఉంది. కింద గీత గీసి మరీ ఉంది. ఆ నేల ఎలాంటిదో నాకు తెలియదు. పైన బరువు పెడితే ఏమవుతుందో తెలియదు. మీరు లారీలు పంపొద్దు. కాగితం కావాలంటే సాయంత్రంలోపు పంపుతాను. ముందు నా మాట మీద ఆపండి."

"లారీలా?"

"ఆ. మట్టి లారీలు."

"హాల్వర్, లారీల పని ఎప్పుడో అయిపోయింది."

"అయిపోవడమేమిటి? వ్యాసం వచ్చాకే అన్నారు కదా."

"అన్నాను. కానీ ఆ రోజు కాఫీ తాగుతూ మీరేమన్నారు? ఆ గట్టు రాయిలాంటిది, వ్యాసం ఉత్త లాంఛనం అన్నారు. మీరంతటివారు అన్నాక ఇంకేం కావాలి? వేసవిలో అయితే లారీలు ఆ మెత్తటి పొలంలో దిగబడిపోతాయి. అందుకని జనవరిలో, నేల గడ్డకట్టి ఉన్నప్పుడే నడిపేశాం. చక్కగా, చదునుగా పోయించాను. కాగితాల్లో కూడా రాశాను, 'ప్రొఫెసర్ హాల్వర్ నోటిమాట ఆధారంగా' అని."

"ఎంత ఎత్తు పోశారు?"

"మనిషెత్తు కంటే ఎక్కువే. మీ వ్యాసం చిత్తుప్రతిలో ఉన్నంత."

"గట్టు అంచుదాకానా?"

"అంచుదాకా. లేకపోతే బంతి వాగులో పడుతుందని బడివాళ్ళు గొడవ. మీరు మరీ కంగారు పడుతున్నారు."

"ఇప్పుడు ఆ నేల కరుగుతోంది కదా."

"కరుగుతుంది మరి. ఏప్రిల్ కదా."

"ఐలిఫ్, వాగు చూశారా ఇవాళ? నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?"

"నేను చూడలేదు కానీ, బడి బ్యాండు పిల్లలు అక్కడే ఉన్నారు. మే పదిహేడు జాతీయ దినం ఊరేగింపు వస్తోంది కదా, కొత్త స్థలం బాగుందని అక్కడే డప్పులతో కవాతు నేర్పుతున్నారు. వాళ్ళ టీచరమ్మ ఇందాకే ఫోన్ చేసింది. నీళ్ళు బూడిద కలిపినట్టు పారుతున్నాయట, గట్టు అంచున గడ్డి బీటలిచ్చిందట. పిల్లల్ని వెనక్కి తీసుకురమ్మంటారా అని అడిగింది."

"ఏం చెప్పారు? ఐలిఫ్, ఏం చెప్పారు ఆమెకి?"

"ఏం చెప్తాను? భయపడకమ్మా, అది హాల్వర్ కొలిచిన నేల, కానివ్వండి అన్నాను."